తిరిగివ్వాల్సిన దిండు

మేడ మీద గది,
సోమవారం పొద్దున

అక్కా,

నీ ఉత్తరం అందింది. "ఫోన్‌లో అయితే అరుస్తావు, కాగితం మీద అరవలేవు కదా, అందుకే రాస్తున్నా" అన్నావు. అరవగలను. చూస్తూ ఉండు.

వచ్చి నాలుగు రోజులుండి పొమ్మన్నావు. మీ ఆయన ఉన్న ఇంటికా? ఆ గడప నేను తొక్కను గాక తొక్కను. ఏం జరిగిందో నీకు తెలియదనుకుంటా. ఆయన తనకు అనుకూలంగా ఉన్నంత వరకే చెప్పి ఉంటాడు. మిగతాది నేను చెప్తా విను.

ముప్పై ఏళ్లకు పైగా యార్డులో క్రేన్ నడిపాను. పైన క్యాబిన్‌లో నేను, కింద సైగలు చేస్తూ బావ. ఆయన వేలు పైకి చూపిస్తే నా కొక్కెం లేచేది, అరచెయ్యి కిందికి ఊపితే దిగేది. అంత నమ్మకంతోనే నిన్ను ఆయనకిచ్చి చేయమని నాన్నకు చెప్పాను. చెప్పిన వెధవను నేనే.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. రెండు చేతులూ పక్కలకు బారచాపితే 'ఆపు' అని అర్థం. మిగతా సైగలన్నీ సైగల మనిషే చేయాలి. ఆపు సైగ మాత్రం ఎవరు చేసినా ఆపాల్సిందే, గేటు దగ్గర టీ అమ్మేవాడు చేసినా సరే. ఆ రోజు బావ నడి యార్డులో నిలబడి చేతులు బారచాపాడు. ఆపాను. కిందికి దిగమన్నాడు. దిగాను. సూపర్‌వైజరుతో, పనివాళ్లందరూ వింటుండగా, "ఈయన పైన కునుకు తీస్తున్నాడండీ. నా సైగకి ఆలస్యంగా కదుల్తున్నాడు. ఈయన కొక్కెం కింద ఇక నేను నిలబడను" అన్నాడు. నేను కళ్లు తెరుచుకునే ఉన్నానక్కా! నిద్రపోయేవాడు కళ్లు తెరుచుకుని ఉంటాడా?

వారం తిరక్కుండా నా సీట్లో ఎవరు కూర్చున్నారో అడుగు మీ ఆయన్ని. లైసెన్సు ఎన్నేళ్లుగా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడో కూడా అడుగు.

అదీ పోనీ అనుకున్నా. నన్ను సాగనంపే రోజు కుర్చీలు వేసి టీ ఇచ్చారు. సూపర్‌వైజరు రెండు మంచి మాటలు చెప్పాడు. అప్పుడు మీ ఆయన లేచి, రిబ్బను కట్టిన పెద్ద ప్యాకెట్టు నా చేతిలో పెట్టి విప్పమన్నాడు. విప్పాను. దిండు! "ఇక ఇంట్లో హాయిగా పడుకో బావమరిదీ, ఇక్కడ సరిగ్గా నిద్ర పట్టేది కాదు నీకు" అన్నాడు. యార్డు యార్డంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నా దగ్గర సైగలు నేర్చుకున్న స్టోర్సు ఆవిడ ఒక్కతే నవ్వలేదు. లేచి బయటికి వెళ్లిపోయింది.

దిండు గలీబు నీలం రంగు. అంచు కుట్టు చూడగానే గుర్తుపట్టాను. ఆ కుట్టు నీదే. దీనికి నువ్వు నాకు సమాధానం చెప్పాలి.

ఆ దిండు బీరువా మీద పెట్టాను. దాని మీద ఒక్క పూటా తల వాల్చలేదు. అందరూ చూస్తుండగా దాన్ని ఆయన చేతిలో పెట్టే రోజు ఒకటి రావాలి. అందాకా నా కడుపుమంట చల్లారదు.

నీ తమ్ముడు,
నిద్రమొహం



కుట్టుమిషను గది,
గురువారం

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం నిలబడే చదివాను. చదివాక కూర్చుండిపోయాను.

ఆ దిండు నేనే కుట్టాను. నిజమే. కానీ నీకని నాకు తెలియదురా. "నా స్నేహితుడొకడు మెడ నొప్పితో బాధపడుతున్నాడు, మెత్తటి దిండు కుట్టిపెట్టు" అన్నారు మీ బావ. పాపం ఎవరో అని మంచి దూది ఏరి మరీ కూరాను. అంచుకు రెండు వరసలు వేశాను. నా చేతి పనితో నా తోడబుట్టినవాడి పరువు తీయించారా! అడిగితే "సరదాకి చేశాను, అంతా నవ్వారు" అన్నారు. "మీరంతా నవ్వారు సరే, వాడు నవ్వాడా?" అన్నాను.

ఆ రోజు నుంచి నేను ఆయనతో మాట్లాడటం లేదు. కంచం పెట్టి పక్క గదిలోకి వచ్చేస్తున్నా. అయితే ఒరేయ్, అలిగిన ముచ్చట కూడా తీరడం లేదురా. నేను మాట్లాడటం లేదని ఆయన గమనిస్తేగా! చెంచా చేతిలో ఉండగానే కునుకు. టీవీ ముందు కునుకు. పేపరు తిరగేసి పట్టుకుని కునుకు. ఇక రాత్రి ఆ గురక గురించి చెప్పకూడదు, కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఉన్నట్టుండి గురక ఆగిపోతుంది. హమ్మయ్య అనుకునేలోపు, నీళ్లలో మునిగి తేలినవాడిలా ఒక్కసారి ఊపిరి లాగి మళ్లీ మొదలు. పడలేక నా మంచం కుట్టుమిషను గదిలోకి మార్చుకున్నా.

పొట్ట పెరిగింది. షుగరు పెరిగింది. మాత్రలు వేసుకుంటున్నా దిగడం లేదు. ఏ నట్టు ఏ డబ్బాలో ఉందో చీకట్లో చెప్పే మనిషి, పంపు కట్టకుండా వెళ్లిపోతున్నారు. అడిగితే కయ్యిమంటున్నారు. వయసు మీద పడింది కదా అని ఊరుకుంటున్నా.

నువ్వు ఆసుపత్రికి వెళ్లావని విన్నాను. ఏమన్నారు? నా దగ్గర దాచకు.

అక్క



మేడ మీద గది,
వానలు మొదలైన వారం

అక్కా,

దిండు సంగతి నీకు తెలియదని రాశావు. నమ్మాను. ఇన్నాళ్లూ నిన్ను లోపల్లోపల తిట్టుకున్నందుకు ఒక లెంపకాయ వేసుకున్నా.

ఇక నా సంగతి. అది బద్ధకం కాదక్కా, జబ్బు! దాని పేరు స్లీప్ ఆప్నియా. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి ఒంటి నిండా వైర్లు తగిలించారు. పొద్దున డాక్టరమ్మ గీతలు చూపించి, "పెద్దాయనా, మీరు రాత్రంతా పడుకున్నారు గానీ నిద్రపోలేదు" అంది. నిద్ర పట్టగానే గొంతులో కండరాలు వదులై ఊపిరి దారి మూసుకుపోతుందట. మన వయసులో అవి ఇంకా వదులవుతాయట. గురక ఠక్కున ఆగిందంటే ఊపిరి ఆగిందన్నమాట. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, ఒళ్లు బెదిరిపోయి మనకు తెలియకుండానే లేపేస్తుంది. మళ్లీ నిద్ర, మళ్లీ మూత. తెల్లారేదాకా ఇదే తంతు.

ఆ బెదురులో ఒంట్లో దాచిన చక్కెరంతా రక్తంలోకి వస్తుందట. ఇన్సులిన్ చెప్పిన మాట ఒళ్లు వినదట. పైగా నిద్ర చాలనివాడికి ఆకలెక్కువ. నేను క్యాబిన్‌లో నిద్ర ఆపుకోవడానికి తీపి టీ మీద తీపి టీ తాగి, బిస్కెట్లు నమిలేవాణ్ణి కదా. డాక్టరమ్మ తల పట్టుకుంది. "తీపితో లావయ్యారు, మెడ చుట్టూ కొవ్వు చేరి గొంతు ఇంకా ఇరుకయింది, దాంతో నిద్ర ఇంకా పాడయింది, మళ్లీ తీపి. గానుగలో తిరిగినట్టు తిరిగారు" అంది.

ఇంకోటి విను. ఎర్ర దీపం వెలిగినప్పుడల్లా మీట నొక్కమని ఒక పరీక్ష పెట్టింది. ఒక్కటీ వదల్లేదనుకున్నా. బోలెడు వదిలానట! కళ్లు తెరిచే ఉన్నా మెదడు క్షణం పాటు కునుకు తీసి వచ్చేస్తుందట. ఆ సంగతి మనకే తెలియదు. యార్డులో నేను అబద్ధం ఆడలేదక్కా. నాకు తెలిసింది నేను చెప్పాను.

ఇప్పుడు ముక్కుకి మాస్కు, దానికో గొట్టం, పక్కన గాలి కొట్టే మిషను పెట్టుకుని పడుకుంటున్నా. చూస్తే నవ్వుతావు. కానీ ఎన్నేళ్ల తర్వాత నిద్రపోయానో! మొన్న మళ్లీ ఎర్ర దీపం పరీక్ష పెడితే ఒక్కటీ పోలేదు. నాకున్న షుగరు కూడా కాస్త దారికొస్తోంది. "అదంతా మిషను గొప్ప అనుకోకండి, తిండి తగ్గించాలి, నడవాలి" అని డాక్టరమ్మ కసిరింది.

నీ ఉత్తరం మళ్లీ చదివాను. ఆగిపోయే గురక, దిగని షుగరు, చేతిలో చెంచా, కట్టని పంపు. అర్థమైందా? మీ ఆయనకీ అదే! నన్ను చూసి నవ్వినవాడికి అదే జబ్బు! చదివి ఎంత సంతోషించానో చెప్తే నీకు కోపమొస్తుంది. అయినా చెప్తున్నా. లేచి గదిలో పచార్లు చేశాను.

ఆయనకి చెప్పొద్దు. నా మీద ఒట్టు. నాలాగే ఆయన్నీ అందరి ముందూ క్యాబిన్‌లోంచి దింపాలి. అప్పుడు నేను దిండు పట్టుకుని గేటు దగ్గర ఉంటా. చెప్పావో, నీకు తమ్ముడు లేడనుకో.

నీ తమ్ముడు



కుట్టుమిషను గది,
ఆదివారం

తమ్ముడూ,

సరే. నీ ఇష్టం.

నువ్వు కోలుకున్నందుకు సంతోషం. మాస్కు రోజూ కడుక్కో.

మా పక్క వాటాలో రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఉన్నారు. ఆయనకీ నువ్వు రాసినట్టే గురక, కునుకు, షుగరూనట. వాళ్లావిడ దిగులు పడుతోంది. మీ డాక్టరమ్మ చిరునామా రాసి పంపు.

అక్క



మేడ మీద గది,
బుధవారం

అక్కా,

చిరునామా వెనక పేజీలో రాశాను. ఆ మాస్టారిని వెంటనే పంపు. రేపూ ఎల్లుండీ అని నానబెట్టనివ్వకు. గుండె మీద కూడా భారం పడుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నిద్రమాత్రలు గానీ, మందు గానీ ముట్టుకోవద్దని చెప్పు, గొంతు ఇంకా వదులవుతుందట. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోమను, వీపు వెనక ఏదైనా అడ్డం పెట్టమను. మాస్కు మొదట్లో ఊపిరాడనట్టు అనిపిస్తుంది, రెండు వారాలు ఓపిక పట్టమను. పాపం, పాఠాలు చెప్పిన మనిషి, తెలివి మసకబారితే ఎంత బాధ! వాళ్లావిడకి ధైర్యం చెప్పు. తెలిసి కూడా ఊరుకుంటే అది ప్రాణం తీయడమే అని నా మాటగా చెప్పు.

మన మహానుభావుడు ఎలా ఉన్నాడు? టీ కొట్టు దగ్గర పాత పనివాళ్లు కనపడ్డారు. బావ ఈమధ్య క్యాబిన్‌లోకి బిస్కెట్ల డబ్బా తీసుకెళ్తున్నాడట. విని నా ప్రాణం లేచొచ్చింది. "రాసి పెట్టుకోండి, ఆయన్ని దింపకపోతే నా పేరు మార్చుకుంటా" అని అందరికీ వినపడేలా చెప్పాను.

నీ తమ్ముడు



కుట్టుమిషను గది,
నెల తర్వాత, శుక్రవారం

ఒరేయ్,

పక్క వాటాలో లెక్కల మాస్టారు లేడు. ఆ వాటా ఏడాదిగా ఖాళీ.

నీ ఒట్టు నేను గట్టున పెట్టాను. మీ బావని నయానా భయానా మీ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లాను. వైర్లు పెట్టారు. నీకన్నా ఎక్కువట. డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది, "వైద్యం మొదలెట్టి, నేను సరేనన్నాకే మీరు క్రేన్ ఎక్కాలి" అని. గొర్రెలా తలూపారు. మిషను తెచ్చుకున్నాం.

ఆ మిషను ఇప్పుడు ఎక్కడుందో తెలుసా? బీరువాలో, పెట్టెల వెనక. ఒక్క రాత్రీ పెట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని యార్డుకి బయల్దేరారు. తలుపుకి అడ్డం నిలబడ్డాను. "యార్డులో చెప్పండి, నాలుగు నెలల పాటు నేల మీద పని అడగండి" అన్నాను. ఏమన్నారో తెలుసా? "అందరి ముందూ వాడి చేతిలో దిండు పెట్టినవాణ్ణి. ఇప్పుడు నాకూ అదే వచ్చిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నన్ను బతకనిస్తారా?" అన్నారు. అని, నన్ను పక్కకు జరిపి వెళ్లిపోయారు.

ఆయన ఇచ్చిన దిండే ఆయన నోరు నొక్కేసింది. రోజూ ఎక్కుతున్నారు. సైరను మోగి ఇంటికొచ్చేదాకా నా ప్రాణం నా చేతుల్లో ఉండటం లేదు.

నువ్వు యార్డుకి వెళ్లి చెప్పరా. "తెలిసి కూడా ఊరుకుంటే అది ప్రాణం తీయడమే" అని నువ్వే రాశావు. ఆ లేని మాస్టారి మీద చూపించిన జాలిలో పిసరంత చూపించు.

అక్క



మేడ మీద గది,
ఉత్తరం అందిన రోజే

అక్కా,

నన్ను మోసం చేశావు. చేసినా, ఇంత మంచి కబురు పంపావు కాబట్టి వదిలేస్తున్నా.

దొరికాడు! అబద్ధం చెప్పి క్యాబిన్ ఎక్కుతున్నాడన్నమాట. నేనైతే తెలియక ఎక్కాను. ఆయన తెలిసి ఎక్కుతున్నాడు. ఇద్దరిలో ఎవరు పెద్ద నిద్రమొహమో ఇప్పుడు చెప్పు.

నేనెందుకు వెళ్లి చెప్పాలి? నేను చెప్తే చాటుగా సర్దేస్తారు. "ఒంట్లో బాగాలేదు, సెలవు పెట్టాడు" అంటారు. కుర్చీలూ టీలూ ఉండవు, నవ్వులుండవు. అలా కుదరదు. నాకు జరిగినట్టే జరగాలి. పనివేళలో, పట్టపగలు, అందరి కళ్ల ముందు తూలాలి. నేను ఎన్ని నెలలు తలుపులేసుకుని కూర్చున్నానో నీకు తెలుసా? పాలు తెచ్చుకోవడానికి కూడా యార్డు వీధిలోంచి వెళ్లలేక చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. కనపడ్డవాడల్లా "నిద్ర బాగా పడుతోందా?" అనేవాడు. ఆ ప్రశ్న ఆయన్నీ అడగాలి, నేను వినాలి.

దిండు దుమ్ము దులిపి పెట్టాను.

నీ తమ్ముడు



కుట్టుమిషను గది,
మంగళవారం

తమ్ముడూ,

ఇక నిన్ను బతిమాలను.

నిన్న నేనే వెళ్లాను. సూపర్‌వైజరు ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఆయన నవ్వాడు. "అమ్మా, మీ తమ్ముడు టీ కొట్టు దగ్గర ఏమంటున్నాడో ఊరంతా విన్నది. దింపకపోతే పేరు మార్చుకుంటానన్నాడు. ఇప్పుడు మిమ్మల్ని పంపాడు" అన్నాడు. మీ బావని పిలిపించి అడిగాడు. "మా ఆవిడకి తమ్ముడంటే పిచ్చి ప్రేమండీ" అన్నారు మీ బావ. రిపోర్టు చూపిద్దామంటే, ముందే సంచిలోంచి తీసేశారు. ఇద్దరు మగవాళ్లు కలిసి నన్ను గేటు దాకా సాగనంపారు. నీ అరుపులే నా మాటకు విలువ లేకుండా చేశాయి.

బయటికొస్తూ కొక్కెం కింద ఎవరు నిలబడి ఉన్నారో చూశాను. ఇప్పుడు సైగలు చేసేది ఎవరనుకున్నావు? నీ దగ్గర నేర్చుకున్న స్టోర్సు ఆవిడ. ఆ రోజు నవ్వకుండా లేచిపోయిన మనిషి. మెడలో ఈల, తలకి పసుపు టోపీ. పైపుల మోపు ఆవిడ తల మీంచి పోతుంటే నేను కళ్లు మూసుకున్నాను.

నీ పగ మీ బావ మీద. కొక్కెం ఎవరి మీద పడుతుందో అది చూసుకోదు.

అక్క



మేడ మీద గది,
శనివారం

అక్కా,

నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా నా నోటితో విను.

ఆయన్ని కాపాడటానికి వెళ్లానని మాత్రం అనుకోకు. ఆవిణ్ణి ఆ కొక్కెం కింద నుంచి తప్పించడానికి వెళ్లాను. దిండు చంకలో పెట్టుకునే వెళ్లాను. పగ తీర్చుకోవడం మానలేదు, నిజం చెప్తున్నా.

గేటు దగ్గర నన్ను లోపలికి రానివ్వలేదు. పక్కనున్న ఇనప కంచె పట్టుకుని నిలబడ్డాను. పైపుల మోపు గాల్లో ఉంది. ఆవిడ నెమ్మదిగా దింపమని సైగ చేసింది. దిగుతోంది. ఆపమని సైగ చేసింది. ఆగలేదు. ఒక్క క్షణం. ఆ క్షణమేమిటో నాకు తెలుసు, దాని లోపల నేను ఏళ్ల తరబడి కూర్చున్నాను. మా లివరు వదిలితే ఆగిపోయే రకం. కానీ బిగించి పట్టుకున్న చెయ్యి ఆ క్షణం కునుకులో లివరు వదలదు. మోపు దిగుతూనే ఉంది. ఏమైందో అని ఆవిడ తలెత్తి, పైన క్యాబిన్ కేసి చూస్తూ ఇంకో అడుగు మోపు కిందికి వేసింది.

నేను అరిచాను. యార్డు మోతలో ఎవరికి వినపడుతుంది? దిండు కింద పడేసి కంచె మీదికెక్కి రెండు చేతులూ బారచాపాను. ఆవిడ నన్ను చూసింది. ఆ సైగ ఎందుకని అడగలేదు, అలాగే నేర్పాను నేను. వెనక్కి దూకి గట్టిగా ఈల ఊదింది. పైన బావ ఉలిక్కిపడి లేచాడు. ఎదురుగా చేతులు చాచుకుని నేను. ఆపేశాడు. మోపు ఆవిడ టోపీ ఎత్తున ఊగుతూ నిలబడింది.

గేటువాడు అడ్డం రాలేదు. దిండు తీసుకుని లోపలికి నడిచాను. అంతా మూగారు. బావ నిచ్చెన దిగి వచ్చాడు. నెలల తరబడి అద్దం ముందు ఎన్ని మాటలు తయారుచేసుకున్నానో! ఒక్కటీ గుర్తు రాలేదు. దిండు ఆయన చేతుల్లో పెట్టాను. ఎవరైనా నవ్వుతారని చూశాను. ఒక్కడూ నవ్వలేదు.

నాకు ఇంకా మండింది. "చెప్పు బావా! నన్ను ఆపావు, అది సరే. ఆపాల్సిందే. మరి ఈ దిండెందుకు? ఇంతమందిలో చెప్పు, నేను నిద్రమొహం వాణ్ణా?" అన్నాను.

బావ అందరి వైపు తిరిగాడు. "కాదు. వాడిది జబ్బు. నాకూ అదే ఉంది. రిపోర్టు వచ్చి నెల దాటింది. దాచాను" అన్నాడు. సూపర్‌వైజరు అక్కడే పైపుల మీద కూలబడ్డాడు.

నేను కోరుకున్నదంతా ఆ నిమిషంలో దొరికింది. సరిగ్గా అప్పుడు ఆవిడ టోపీ తీసి మా మధ్యకొచ్చింది. "నెల దాటిందా? నెల పైగా నేను మీ కింద నిలబడ్డానా?" అని ఆయన్ని అడిగింది. తర్వాత నా వైపు తిరిగింది. "మీకెప్పటి నుంచి తెలుసండీ?" అంది.

తలొంచుకుని గేటు దాటి వచ్చేశాను.

నీ తమ్ముడు



కుట్టుమిషను గది,
ఆదివారం

ఒరేయ్ తమ్ముడూ,

మీ బావ దిండు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, ఏమీ తినకుండా గోడ వైపు తిరిగి పడుకున్నారు. మిషను నేనే తీశాను. మాస్కు నేనే బిగించాను. వద్దంటే "నోరు మూసుకోండి" అన్నాను. ముప్పై ఏళ్లలో ఆ మాట మొదటిసారి అన్నాను, చాలా బాగుందిరా! తెల్లారేదాకా మిషను చప్పుడు తప్ప గురక లేదు. క్యాబిన్ ఎక్కేవాళ్లందరికీ నిద్ర పరీక్ష చేయించాకే తాళం ఇస్తానని సూపర్‌వైజరు అన్నాడట. నా కళ్లలోకి చూడలేక ఆ కబురు గేటువాడితో పంపాడు.

మీ ఇద్దరి కక్షలూ తీరాయి. ఇప్పుడు నాది మొదలు. ఒకడు నా కుట్టు తీసుకెళ్లి నా తమ్ముణ్ణి అవమానించాడు. ఇంకొకడు నా మొగుడి ప్రాణం, ఒక పరాయి ఆడమనిషి ప్రాణం గాల్లో వేలాడదీసి తమాషా చూశాడు. మీ మధ్యలో ఉత్తరాలు రాసుకుంటూ కూర్చున్నదాన్ని, నాకు పౌరుషం ఉండదా?

ఆ దిండు కుట్లు విప్పేశాను. దూది రెండు వాటాలు చేశాను. నీలం గుడ్డ సగానికి కత్తిరించి రెండు చిన్న దిళ్లు కుట్టాను. ఒకటి మీ బావ వీపు వెనక అడ్డం పెట్టాను, వెల్లకిలా తిరక్కుండా. రెండోది దీంతోపాటు వస్తోంది. బీరువా మీద పెట్టావని తెలిసిందో, నేనే వచ్చి నీ నెత్తిన పెడతా.

ఇంకోటి. ఆవిడ మిమ్మల్నిద్దర్నీ చెరో ప్రశ్న అడిగింది. వచ్చే ఆదివారం ఇద్దరూ కలిసి ఆవిడ ఇంటికి వెళ్లి జవాబు చెప్పి రావాలి. ఆవిడ తిడితే పడాలి. తలుపు మొహాన వేస్తే మళ్లీ ఆదివారం వెళ్లాలి. అది చేసిన రోజే ఇద్దరికీ నా చేతి అన్నం. అందాకా మీ బావ కూడా తన వంట తనే చేసుకుంటున్నారు. మాడిన వాసన ఇప్పుడే వస్తోంది.

అక్క



మేడ మీద గది,
శుక్రవారం

అక్కా,

దిండు అందింది. సగం దూదితో పల్చగా ఉంది. అంచుకి మాత్రం రెండు వరసలూ వేశావు.

ఆదివారం వస్తాను. బావని మీ వీధి మలుపులో నిలబడమను. ఆయనతో మాట్లాడను. పక్కన నడుస్తా. నాకెప్పుడు తెలిసిందో ఆవిడకి నేనే ముందు చెప్తాను. ఆయన తర్వాత.

నిన్న ఆ దిండు మీద తల పెట్టాను. నిద్ర పట్టింది.

క్షమించానని మాత్రం ఆయనకి చెప్పకు.

నీ తమ్ముడు